చెరువును చూడని తీర్పు

చెరువుగట్టున నిలిచి గరిటెడు నీరు ముంచి, సీసాలో పోసి, ప్రయోగశాలకు పంపినచో, ఆ చెరువులో ఏయే ప్రాణులున్నవో, ఏవి లేవో కొలదిదినములలో పట్టికగా వ్రాసి యిత్తురనియు, కావున ఇకమీదట చీకటిలో, చలిలో, మోకాలిలోతు బురదలో తిరిగి జంతువులను వెదకువారి శ్రమ అనావశ్యకమైపోయినదనియు ఒక అభిప్రాయము ఇప్పుడు లోకమున బలముగా వ్యాపించుచున్నది. నిర్మాణములకు అనుమతులిచ్చు అధికారులకు ఇది తగవులేని మార్గముగా తోచును; పరిశోధనలకు ధనమిచ్చువారికి పొదుపుగా తోచును; విశ్వవిద్యాలయములలో చేరు యువకులకు, ఏండ్లతరబడి కప్పల కూతలను, పురుగుల రెక్కలను అభ్యసించుటకంటె యంత్రముముందు కూర్చుండుట ఆధునికముగా తోచును. ఇందరకు అనుకూలమైన అభిప్రాయమును ప్రశ్నించువాడు పాతకాలపువాడనిపించుకొనుట సహజము. ఐనను ఈ అభిప్రాయము తప్పని నేను నమ్ముచున్నాను. అది స్థిరపడినచో మంచినీటి చెరువులకును, వానిలోని జీవకోటికిని కలుగబోవు కీడు చిన్నది కాదని చెప్పుటకే ఈ వ్యాసము.

పరిసర డి.ఎన్.ఏ. అనగా ప్రాణి తన దేహమునుండి పరిసరములలోనికి విడిచిన వంశద్రవ్యము. నీటిలో నివసించు ప్రతి జంతువును చర్మపు పొరలను, జిగురును, మలమూత్రములను, సంతానఋతువులో అండములను, రేతస్సును నిరంతరము నీటిలో విడుచుచుండును. వానిలోని డి.ఎన్.ఏ. తునుకలై నీట తేలుచు, కొన్నిదినములు మొదలు కొన్ని వారములవరకు నిలిచి, ఎండచేతను, వేడిమిచేతను, సూక్ష్మజీవులచేతను క్రమముగా నశించును. ఆ తునుకలను వడపోసి గాని మద్యసారమున అడుగునకు దింపి గాని సేకరించి, ఒక జాతికే ప్రత్యేకమైన భాగమును పి.సి.ఆర్. ప్రక్రియచే కోట్లకొలది ప్రతులుగా పెంచి చూచినచో, ఆ జాతి జాడ ఆ నీటిలో ఉన్నదో లేదో తెలియును. 2008లో ఫిసెటోలా మొదలగువారు ఫ్రాన్సుదేశపు నీటిమడుగులలో అమెరికా బుల్‌ఫ్రాగ్‌ను ఈ విధముననే గుర్తించి చూపిరి. 2012లో డెన్మార్కునకు చెందిన థామ్సెన్ మొదలగువారు కప్పలను, చేపలను, తూనీగను, నీటికుక్కను సైతము నీటిజాడచేతనే కనుగొనవచ్చునని నిరూపించిరి.

ఈ పద్ధతి శక్తిని తగ్గించి చెప్పుట న్యాయము కాదు. అమెరికానుండి వచ్చి ఫ్రాన్సునందలి స్థానికజాతులకు ముప్పుగా మారిన ఆ బుల్‌ఫ్రాగ్‌కొరకు డెజాన్ మొదలగువారు 49 మడుగులను రెండురీతుల పరీక్షింపగా, కన్నులతోను చెవులతోను వెదకినవారికి అది 7 చోట్ల మాత్రమే దొరకెను. నీటిపరీక్షకు 38 చోట్ల దొరకెను. పరదేశపు జాతి యొకటి క్రొత్తగా చొరబడుచున్నప్పుడు, అది మూడు నాలుగు మాత్రమే యుండి గడ్డిదుబ్బుల చాటున దాగియున్నప్పుడు, ఈ తేడా ఆ ప్రాంతపు స్థానికజాతులకు చావుబ్రదుకుల తేడా. ఇట్టి పనికి దీనిని మించిన సాధనము లేదు. నా వివాదము సాధనముతో కాదు. ఆ సాధనము చేతికి వచ్చినది గనుక ఇతరసాధనము లన్నియు కట్టిపెట్టవచ్చుననువారితో.

వారు తరచుగా చూపు నిదర్శనము ఇంగ్లండుది. అచ్చట గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ అను తోకగల ఉభయచర మొకటి కలదు. మనదేశమున ఈ వర్గపు ప్రాణులు తూర్పుహిమాలయ ప్రాంతమున తప్ప కానరావు గనుక తెలుగుపాఠకునకు దీనిని పరిచయము చేయవలసియున్నది: పదునైదు సెంటీమీటర్లవరకు పొడవు, నల్లని గరుకుచర్మము, నారింజవన్నెమీద నల్లని మచ్చలుగల పొట్ట, వసంతమున మగదాని వీపున నిక్కి నిలుచు శిఖ. 1981నాటి వన్యప్రాణిచట్టముచే అది రక్షితజంతువు. దానికి గాని, దాని చెరువునకు గాని హాని చేయుట నేరము. అందుచే ఇండ్లు కట్టదలచినవాడును, బాట వేయదలచినవాడును ముందుగా సమీపపు చెరువులలో న్యూట్లు ఉన్నవో లేవో తేల్చుకొనవలసియుండును. పూర్వము దీనికై శిక్షణపొందిన పరిశీలకులు వసంతకాలమున కనీసము నాలుగు పర్యాయములు, ఎన్నియున్నవో కూడ తెలియవలసినచో ఆరు పర్యాయములు వెళ్ళి, సాయంకాలమున సీసాబోనులు పెట్టి తెల్లవారగనే తీసి లెక్కించుచు, రాత్రులు టార్చిదీపపు వెలుతురున నీటిని గాలించుచు, పగలు ఆకులలో గ్రుడ్లను వెదకుచు శ్రమించెడివారు.

2014లో వెలువడిన పరిశోధనయందు, న్యూట్లున్నవని ముందే తెలిసిన 35 చెరువులకు నాలుగేసి పర్యాయములు వెళ్ళి పరీక్షింపగా, 140 నమూనాలలో 139 నమూనాలు న్యూట్లు ఉన్నవని చెప్పెను. అనగా నూటికి 99.3. ఒక్కొక్క పర్యాయమునకు సీసాబోను నూటికి 76, టార్చిదీపము 75, గ్రుడ్ల వెదకులాట 44 చొప్పున మాత్రమే జయించినవి. ఆ సంవత్సరమే ప్రభుత్వపు ప్రకృతిరక్షణ సంస్థయైన నేచురల్ ఇంగ్లండ్ ఈ పరీక్షను ప్రమాణముగా అంగీకరించెను. ఏప్రిల్ 15 మొదలు జూన్ 30 లోపల ఒక్కమారు చెరువుచుట్టు ఇరువదిచోట్ల నీరు ముంచి, కలిపి, ఆరుగొట్టములలో నింపి పంపినచో చాలును. ఆ ఒక్కదినపు నీరు లేవని చెప్పినచో ఆ చెరువున న్యూట్లు లేనట్లే లెక్క.

ఆ 99.3 అను అంకెను మాత్రమే చేతపట్టుకొని తిరుగువారు అదే పరిశోధనలోని మరి రెండంకెలను పాఠకునకు చూపరు. ఆ పరిశోధనయందే స్వచ్ఛందసేవకులు దేశమంతట 239 చెరువులలో నీరు సేకరించిరి. అవియు న్యూట్లున్నవని తెలిసిన చెరువులే. అచ్చట జయము నూటికి 91. అనగా తీరికగా, నేర్పుగా చేసినప్పుడు వచ్చిన ఫలము వేరు. దేశమంతట నానావిధములైన చెరువులలో, నానావిధములైన చేతులచే చేయబడినప్పుడు వచ్చిన ఫలము వేరు. చట్టము నడచునది ఈ రెండవదానిమీదనే. ఇక రెండవ అంకె: సీసాబోనును టార్చిదీపమును కలిపి వాడినప్పుడు ఒక్క రాత్రికే జయము నూటికి 95. పాతపద్ధతి ఎన్నడును ఒక్కరాత్రితో తృప్తిచెందినది కాదు. నాలుగురాత్రులు, రెండుమూడు ఉపాయములు కలిసి దాని బలము. నాలుగుమార్లు చూచువాని ఒక్కచూపును వేరుచేసి, ఒక్కమారే చూచువాని చూపుతో తూచి, మొదటివాడు ఓడినాడనుట న్యాయమగు తూనిక కాదు. నూటికి తొమ్మిది చెరువులలో న్యూట్లున్నను నీరు లేవని చెప్పినదనుకొందము. ఆ తొమ్మిదియు పటములో చుక్కలు కావు, వాని ఒడ్డున మన్ను త్రవ్వు యంత్రములు అనుమతికై కాచుకొనియున్నవి.

లేదను మాట సంగతి యిట్లుండగా, ఉన్నదను మాట సంగతి ఇంకను లోతుగా ఆలోచింపదగినది. ఆడ న్యూట్ తన గ్రుడ్లను గుంపుగా విడువదు. ఒక్కొక్క గ్రుడ్డును విడివిడిగా నీటిమొక్క ఆకుపై పెట్టి, వెనుకకాళ్ళతో ఆ ఆకును దానిమీదికి మడిచి అతికించును. ఒక ఋతువులో ఈ రీతిగా రెండుమూడువందల ఆకులు మడుచును. మడతను మెల్లగా విప్పిచూచినవానికి జిగురుపొరలో పసుపుఛాయగల తెల్లనిపిండము కానవచ్చును. అదే చిన్నజాతి న్యూట్ గ్రుడ్డైనచో గోధుమఛాయ. ఈ గ్రుడ్లలో సరిగా సగము, మొదటి క్రోమోజోమునందలి ఒక వంశలోపముచే, పొదుగబడకమునుపే నశించును. ఇది ఆ జాతికి అనాదిగా వచ్చిన శాపము. మిగిలిన సగమునుండి వచ్చిన పిల్లలు ఒడ్డున దాగక నడినీట ఈదుచుండును గనుక, ఎవడో వినోదమునకై ఆ చెరువులో చేపలను విడిచినచో అవి వేసవి ముగియునాటికి ఒక్కటియు మిగులవు. ఐనను పెద్దన్యూట్లు పదేండ్లకు పైగా బ్రదుకగలవు. ఏటేట వసంతమున అవి ఆ నీటికే తిరిగివచ్చును, జతకూడును, ఆకులు మడుచును, చర్మము విడుచును. నీటిపరీక్ష ఏటేట ఉన్నవనియే చెప్పును. అది అబద్ధమాడుట లేదు. అడిగిన ప్రశ్నకు సరియైన బదులే చెప్పుచున్నది. కాని ఆ చెరువున ఎన్నో యేండ్లనుండి ఒక్కపిల్లయు గట్టెక్కలేదన్న సంగతి దానికి తెలియదు. కడపటి ముసలిన్యూట్ చచ్చిన సంవత్సరమున ఆ పట్టికలో ఉన్నదను మాట ఒక్కసారిగా లేదగును; అప్పటికి చేయదగినదేమియు మిగిలియుండదు. ఆకు విప్పి చూచినవాడు, వేసవిచివర వలవేసి పిల్లలకై వెదకినవాడు, నీటిపైకి ఎగిరిపడు చేపను కన్నవాడు, ఆ చెరువు చావును దశాబ్దమునకు ముందే చెప్పగలిగియుండును.

సంఖ్య విషయమును ఇట్టిదే. పరిశీలకులు ఒక్కరాత్రి కనుపించిన న్యూట్లు పదివరకైనచో చిన్నసమూహమనియు, నూరువరకైనచో మధ్యమమనియు, నూటికి మించినచో పెద్దదనియు వర్గీకరించుచు వచ్చిరి. రక్షణకై ఎంత భూమి విడువవలెను, ఏ చెరువును మొదట కాపాడవలెను అను నిర్ణయములు దానిపై ఆధారపడును. నీటిలోని డి.ఎన్.ఏ. పరిమాణమునుండి జంతుసంఖ్యను రాబట్టు యత్నములు జరుగుచున్నవి. తొట్లలో కొంత జయమును పొందినవి. చెరువులో మాత్రము ఎండ, వేడిమి, నీటిలోతు, నాచు, ఆ జంతువు జతకూడు సమయమా కాదా అనునవన్నియు ఆ పరిమాణమును మార్చివేయుచుండును. ఇంటికప్పుపై పొగ లేచుట చూచి పొయ్యి వెలిగినదని చెప్పవచ్చును గాని, ఆ యింట ఎందరు తినిరో, ఎందరు పస్తుండిరో చెప్పజాలము.

ఆ తునుక ఎచ్చటనుండి వచ్చినదను ప్రశ్న మరియొకటి. అమెరికాలో చికాగోసమీపపు కాలువలలో ఆసియాకార్పు చేపలు మహాసరస్సులలోనికి పోకుండ విద్యుత్తుతో అడ్డుకట్ట పెట్టిరి. 2009లో ఆ అడ్డునకు ఆవలివైపున ఆ చేపల డి.ఎన్.ఏ. కనుపించగా, న్యాయస్థానములవరకు పోయిన గొప్ప వివాదము చెలరేగెను. అటుపిమ్మట ఆ దేశపు సైనిక ఇంజనీరుల శాఖయే పరిశోధించి, చేపలను తిన్న పక్షుల రెట్టలును, పడవల అడుగులును, జాలరుల వలలును ఆ డి.ఎన్.ఏ.ను మోసికొనిపోగలవని తేల్చెను. అంతమాత్రముచే ఆ మొదటి హెచ్చరిక వ్యర్థమని కాదు; మరుసటి సంవత్సరమే కాల్యుమెట్ సరస్సునందు సజీవమైన చేప యొకటి వలలో పడెను. హెచ్చరించుట నీటిపని, నిజము తేల్చినది వల. ఊరి చెరువున ఈ చిక్కు ఇంకను హెచ్చు. చేపలబజారు కడిగిన నీరు చేరు చెరువులో సముద్రపు చేపల జాడయు, మురుగుకాలువ కలియు చెరువులో జనుల భోజనపు జాడయు కనుపించుట వింత కాదు. చెరువుచుట్టు నడచి, ఏ కాలువ ఎచ్చటనుండి వచ్చి కలియుచున్నదో చూచినవానికి తప్ప ఆ పట్టికలోని పేర్లలో ఏది నివాసియో, ఏది పరదేశియో తెలియదు.

అన్నింటికన్న ముఖ్యమైనది పేర్ల సంగతి. నా వాదమును అంగీకరించువారు కూడ దీనిపై చాలినంత ఆలోచింపరు. యంత్రము నీటిలోనుండి తీయునది నాలుగక్షరముల వరుసలను మాత్రమే. ఆ వరుస ఫలానా కప్పదని చెప్పవలెనన్నచో, ఎవడో ఒకడు పూర్వమే ఆ కప్పను పట్టి, దాని కాలివ్రేళ్ళ పొరలను, చెవిచర్మమును, కూతను పరీక్షించి, ఇది ఫలానాదని నిశ్చయించి, దేహమును సంగ్రహాలయమున భద్రపరచి, దాని డి.ఎన్.ఏ. వరుసను గ్రంథస్థము చేసియుండవలెను. ఆ పని జరుగని జాతి నీటిలో వేలసంఖ్యలోనున్నను యంత్రమునకు అది అనామకము. లేదా, అంతకన్న అపాయకరముగా, దానికి సమీపజాతి పేరు తగిలింపబడును. ఇంగ్లండులోని ఉభయచరజాతులు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. మనదేశమున నాలుగువందలకు మించి తెలిసియున్నవి, ఏటేట క్రొత్తవి వర్ణింపబడుచున్నవి. నత్తలు, నీటిపురుగులు, తూనీగల సంగతి చెప్పనే అక్కరలేదు. అనగా ఈ పద్ధతి ఎవరిని అనావశ్యకులని తొలగించుచున్నదో, వారి చేతిపనిమీదనే అది నిలిచియున్నది. జంతువర్గీకరణము తెలిసిన వృద్ధులు ఒక్కొక్కరే పదవీవిరమణ చేయుచుండగా వారి స్థానములను నింపక, ఆ ధనముతో యంత్రములను కొనుట, పునాదిరాళ్ళు పెరికి మేడపై మరియొక అంతస్తు కట్టుటయే యగును.

వంశసంకరములయందు ఈ లోపము మరింత స్పష్టముగా బయటపడును. సాధారణముగా పరీక్షింపబడు డి.ఎన్.ఏ. మైటోకాండ్రియాలోనిది, అది తల్లినుండి మాత్రమే సంక్రమించును. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను 2000లో మన కేంద్రప్రభుత్వము నిషేధించినను, తెలుగునాట అది దొంగచాటుగా పెంచబడుచునే యున్నదని, అధికారులు చెరువులను ధ్వంసము చేసిన వార్తలు పత్రికలలో వచ్చుచునే యున్నవని అందరు ఎరిగినదే. అది మన మార్పుచేపతో సంకరము కాగలదు. తల్లి మార్పు, తండ్రి ఆఫ్రికాచేప అయిన పిల్లను ఆ పరీక్ష స్వచ్ఛమైన మార్పుచేపగా లెక్కించును. దేశీయజాతి అంతరించిపోవుచున్న తరుణముననే పట్టికలో అది క్షేమముగా నున్నట్లు కనుపించును. చేపను చేతబట్టి తలయెముక వెనుకటి ఆకారమును చూచు మత్స్యశాస్త్రజ్ఞుడు ఆ మోసమునకు అంత సులభముగా లోబడడు.

మన చెరువుల విషయమున ఇంగ్లండు కొలతలు ఏమేరకు పనికివచ్చునో ఆలోచింపవలసినవారము మనమే. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. అను జీవశాస్త్ర పరిశోధనాసంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు చిలికాసరస్సు నీటినుండి పరిసర డి.ఎన్.ఏ.ను సేకరించి పరిశోధించియున్నారు. ఈ విద్యలో మనవారు ఎవరికిని తీసిపోరు, అది గర్వింపదగిన విషయము. కాని సరస్సు వేరు, ఊరి చెరువు వేరు. మన చెరువులు పెక్కు సగము సంవత్సరము నిండియుండి, వైశాఖజ్యేష్ఠములనాటికి నెరదలు వారి బీడులగును. నిండిన దినములలో సైతము నీరు ఒండ్రుతో ఎఱ్ఱగా నుండును. వడపోతగుడ్డ క్షణములో మూసికొనిపోవును, బంకమన్ను డి.ఎన్.ఏ.ను పట్టి అడుగునకు దింపును, కుళ్ళిన ఆకులలోని ద్రవ్యములు పి.సి.ఆర్.ను అడ్డగించును. మన వేసవి ఎండలో, వేడెక్కిన నీటిలో, ఆ తునుకలు ఇంగ్లండు వసంతపు చల్లనినీటిలోకన్న త్వరగా నశించును. బోదురుకప్పనే తీసికొనుడు. ఏడాదిలో అధికకాలము అది నేలలోపల గాని పొదలచాటున గాని గడపును. తొలకరి జల్లు గట్టిగా పడిన రాత్రి, నిన్నటివరకు ఎండియున్న పల్లములలో మోకాలిలోతు నీరు నిలిచినంతనే, మగకప్పలు నిమ్మపండు పసుపువన్నె దాల్చి, గొంతు కిరుప్రక్కల నీలిబుడగలు పొంగించి, తెల్లవారులు గోలపెట్టును. కొలదిరాత్రులలో జత, గ్రుడ్లు ముగియును. తోకపిల్లలు కొన్ని వారములు నీటనుండి ఒడ్డెక్కును. మాఘమాసమున నిండుచెరువునుండి నీరు తెచ్చి ఈ ఊర బోదురుకప్ప లేదని ధ్రువపత్రము వ్రాసిన వానికన్న, తొలకరిరాత్రి చావడిలో పండుకొని ఆ గోల విన్న పశులకాపరి ఎక్కువ ఎరుగును.

కొర్రమీను సంగతియు అట్లే. వానకాలమున చెరువుమూలలలో తుంగదుబ్బుల మధ్య ఎఱ్ఱని మబ్బు తునుకవలె వందలకొలది చిన్నపిల్లలు నీటిపైకి తేలి గాలి పీల్చి మునుగుచుండును. వాని క్రిందనే తల్లిదండ్రులు కాపలాయుండును. జాలరియైనవాడు ఆ ఎరుపు చూచి ఈ ఏడు మీను నిలిచినదో లేదో చెప్పును. పిల్లల గుంపు చెదరనీయక, కాపలాచేపను ఆ దినములలో పట్టక విడిచిపెట్టు వివేకము కూడ వారిలో పెద్దలకు తెలియును. ఇది ఏ సీసాలోను పట్టదు. 2002నాటి జీవవైవిధ్యచట్టముక్రింద ప్రతి స్థానికసంస్థయు ఒక జీవవైవిధ్య కమిటీని ఏర్పరచి, ఊరి ప్రజలను సంప్రదించి, ప్రజా జీవవైవిధ్య దస్తావేజును వ్రాయవలసియున్నది. ఆ దస్తావేజులోని చెరువు పుటలను గంగపుత్రులను, ముదిరాజులను, వడ్డీలను, నీరటులను అడుగకుండ ప్రయోగశాలనుండి వచ్చిన పట్టికతో నింపుట ఆ చట్టము ఉద్దేశమునకే విరుద్ధము. అదియును గాక, 2017నాటి చిత్తడినేలల నియమములు సాగునీటికై నిర్మింపబడిన చెరువులను తమ నిర్వచనమునుండి మినహాయించినవి. కాకతీయులనాటినుండి మనవారు కట్టినవి పెక్కు అట్టివే కదా! ఆ నియమముల రక్షణ లేని ఈ చెరువులకు రక్షణ కలిగింపవలెనన్నచో, వానిలో జీవమెంతయున్నదో, ఏయే ఋతువున ఏది సంతానము పొందుచున్నదో చెప్పు బలమైన సాక్ష్యము కావలెను. తెలంగాణమున మిషన్ కాకతీయ క్రింద 46 వేలకు పైబడిన చెరువులు పునరుద్ధరణకై లెక్కింపబడినవి. పూడిక తీసిన ప్రతిచెరువునను తుంగదుబ్బు మిగిలినదా, లోతులేని అంచు మిగిలినదా అన్నది ఒడ్డున నడచినవానికే కానవచ్చును. ఉన్నది, లేదు అను రెండే మాటలు తెలిసిన సాక్షి ఈ వ్యాజ్యమునకు చాలడు.

ఇచ్చట కొందరు, ఎవరును పరిశీలకులను తొలగింపుమనలేదు, రెండును కలిసి నడువవచ్చును గదా యందురు. మాటలలో అట్లే చెప్పుదురు. ధనము పంచునప్పుడు అట్లు జరుగదు. ఒక చెరువునకు నాలుగురాత్రులు పోవు మనుష్యుని కూలి, ప్రయాణము, శిక్షణ అన్నియు లెక్కించి, ఒక పెట్టెడు సీసాల వెలతో పోల్చిచూపుచు ఇది చవుకయని చెప్పుటయే ఈ పద్ధతి ప్రచారములో మొదటివాక్యము. చవుకయను మాట ఒకదాని స్థానమున మరియొకదానిని పెట్టునప్పుడే అర్థవంతము. నాలుగురాత్రుల కూలితో మనము కొన్నది ఒక్కచెరువు ఫలితమును మాత్రమే కాదు. ఇరువదియేండ్లతరువాత పదిమందికి నేర్పగల ఒక పరిశీలకుని. ఆ శిక్షణ ఆగిపోయినచో మరియొక తరమునకు, యంత్రము చెప్పిన పేరు నిజమో కాదో సరిచూడగల మనిషి దొరకడు. అప్పుడు యంత్రము చెప్పినదే సత్యమగును, తప్పుచెప్పినను తప్పనువాడుండడు.

మరికొందరు ఈ లోపములన్నియు శాస్త్రాభివృద్ధితో తీరిపోవునందురు. కొన్ని తీరవచ్చును. గ్రంథస్థమగు జాతులు పెరుగును, వడపోత మెరుగుపడును, మైటోకాండ్రియానే కాక ఇతరభాగములను కూడ పరీక్షించుట సులభమగును. కాని పిల్లలు ఒడ్డెక్కినవా, గ్రుడ్లు కుళ్ళినవా, గట్టున ఎవడు చేపలను విడిచెను, కాలువ ఎచ్చట తెగెను అను ప్రశ్నలు నీటిలోని తునుకలకు సంబంధించినవే కావు. అవి చెరువును జీవించు స్థలముగా చూచువాని ప్రశ్నలు. ఎంత సూక్ష్మమైన యంత్రమైనను అడుగని ప్రశ్నకు బదులు చెప్పదు.

కావున ఈ విద్యను చేపట్టుచున్న మన శాస్త్రజ్ఞులకును, దానిని ప్రమాణముగా స్వీకరింపబోవు అధికారులకును నా విన్నపము ఇది. నీటిపరీక్షను మొదటి సాక్షిగా పిలువుడు. అది ఉన్నదనిన చోటికి మనుష్యుని పంపి, ఎన్నియున్నవో, సంతానము కలుగుచున్నదో చూడనిండు. అది లేదనిన చోట, ఒక్కదినపు సీసాను నమ్మి నిర్మాణమునకు అనుమతి నీయకుడు. తొలకరిలోను, వానలు వెనుకబట్టిన పిదపను, కనీసము రెండు ఋతువులలో, కంటిపరిశీలనతో కలిపి తిరిగి పరీక్షింపజేయుడు. ప్రతి నివేదికయందును ఆ చెరువుగట్టున నడచినవాని పేరును, అతడు చూచినదానిని, స్థానికజాలరులు చెప్పినదానిని తప్పక వ్రాయవలెనని నియమము చేయుడు. యంత్రమునకై వెచ్చించు ప్రతి రూపాయిలో కొంత భాగమును కప్పలను, నత్తలను, నీటిపురుగులను పేరుపెట్టి గుర్తింపగల యువకుల శిక్షణకును, వారి నమూనాలను భద్రపరచు సంగ్రహాలయములకును కేటాయింపుడు. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థవారి మంచినీటి జీవశాస్త్రకేంద్రము హైదరాబాదులోనే యున్నది, సి.సి.ఎం.బి.యు హైదరాబాదులోనే యున్నది. ఈ రెండింటివారును ఒక్క చెరువుగట్టున కలిసి నిలిచి పనిచేయుటకు అడ్డమేమియు లేదు.